స్త్రీలపై హింస: దేశం ఏర్పరచుకున్న రక్షణ వ్యవస్థ, మనం తెలుసుకోవలసిన మెట్లు



ఈనాడు స్కాలర్‌షిప్పు అందుకొని చదువుకుంటున్న ఆడపిల్ల రేపు హాస్టలుకు, ఆ తరువాత ఉద్యోగానికి, అత్తవారింటికి వెళుతుంది. ఫీజు ఎంత, హాస్టలు ఎంత దూరం, జీతం ఎంత, పెళ్ళికొడుకు ఏం చదివాడు అని అన్నీ ఆరా తీస్తాము. అక్కడ ఎవరైనా ఆమెపై చేయి చేసుకుంటే, వెంటపడి వేధిస్తే, ఆమె జీతం లాక్కుంటే ఎవరికి చెప్పాలి అనే విషయం మాత్రం ఏ ఇంట్లోనూ పాఠంగా చెప్పము. ఆ పాఠం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను లాయరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయిన వాడిని. కనుక ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో ఏమి చేయాలి అన్న లెక్క ప్రకారమే చెబుతాను.

1. సమస్య ఎంత పెద్దది?

2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18-49 ఏళ్ళ మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినవారే. కర్ణాటకలో ఇది 44.4 శాతం, తమిళనాడులో 38.1 శాతం. మనవారు తరతరాలుగా నివసిస్తున్న రాష్ట్రాలు ఇవి. “మన ఇళ్ళల్లో అలాంటివి లేవు” అనుకోవడానికి వీలు లేదు.

ఇంతకంటే ముఖ్యమైన అంకె అదే సర్వేలో మరొకటి ఉంది. హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే. 77 శాతం మంది సహాయం కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అంటే నలుగురిలో ముగ్గురు తల్లికి గాని, అక్కకు గాని, పక్కింటివారికి గాని నోరు విప్పలేదు. చట్టం ఎంత గట్టిదైనా దాని గడప దాకా రాని మనిషికి అది ఉపయోగపడదు. ఈ వ్యాసంలోని మిగతా విషయాలన్నీ ఈ ఒక్క అంకెను దృష్టిలో పెట్టుకొని చదవండి.

2. వ్యవస్థ అంటే ఏమిటి?

బ్యాంకులో ఒక చెక్కు పాస్ కావాలంటే అది మూడు నాలుగు బల్లలు దాటాలి. ఒక బల్ల దగ్గర మనిషి లేకపోతే మిగతావారు ఎంత సమర్థులైనా ఖాతాదారుడు నిలబడి ఉండవలసిందే. స్త్రీలపై హింస విషయంలోనూ అంతే. హింస జరగకుండా చూడడం, జరిగితే వెంటనే కాపాడడం, వైద్యం చేయించడం, నేరస్థుడికి శిక్ష పడేలా చూడడం, బాధితురాలు మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడేలా చేయడం అనే అయిదు పనులు వేరువేరు శాఖల చేతుల్లో ఉన్నాయి. వాటిని కలిపి ఒక దారిలో పెట్టడాన్నే జాతీయ వ్యవస్థ అంటాము. మన దేశంలో ఈ వ్యవస్థ ఒక్క రోజున, ఒక్క చట్టంతో వచ్చినది కాదు.

3. ఎలా ఏర్పడింది?

ప్రతి మెట్టు వెనుక ఒక స్త్రీ పడిన బాధ ఉంది. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం నేరం. అందువల్ల ఇక్కడ పేర్లు రాయడం లేదు.

1972లో మహారాష్ట్రలోని చంద్రపూర్ ప్రాంతంలో ఒక గిరిజన బాలికపై పోలీసు స్టేషనులోనే అత్యాచారం జరిగింది. చివరకు సుప్రీంకోర్టు నిందితులను విడుదల చేయగా, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళలు ఆందోళన చేశారు. ఫలితంగా 1983లో అత్యాచార చట్టాన్ని సవరించారు. అదే సంవత్సరం భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసను నేరంగా చూపే 498-ఎ సెక్షను, 1986లో వరకట్న మరణాలకు 304-బి సెక్షను వచ్చాయి.

1992లో జాతీయ మహిళా కమిషన్ ఏర్పడింది. స్త్రీలపై అన్ని రకాల వివక్షను తొలగించాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని 1993లో భారతదేశం ఆమోదించింది. 1992లో రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక ప్రభుత్వ పథకం కార్యకర్తపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ సంఘటన దరిమిలా వేసిన విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు, పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే చట్టంగా నడిచాయి.

2005లో గృహహింస చట్టం చేశారు. అది 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. 2012లో పిల్లల రక్షణకు పోక్సో చట్టం వచ్చింది. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ సుమారు 80 వేల సూచనలు పరిశీలించి 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2013లో క్రిమినల్ చట్టాల సవరణ జరిగింది. వెంటపడడం, చాటుగా చూడడం, యాసిడ్ దాడి విడి నేరాలయ్యాయి. అదే ఏడాది పనిచేసే చోట వేధింపుల నిరోధక చట్టం, నిర్భయ నిధి వచ్చాయి. 2015 ఏప్రిల్ నుంచి వన్ స్టాప్ సెంటర్లు, 181 హెల్ప్‌లైను పథకాలు మొదలయ్యాయి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతున్నది. పాత 498-ఎ అందులో 85, 86 సెక్షన్లుగా ఉంది.

4. గృహహింస చట్టం: ప్రతి ఇంటికీ తెలియవలసినది

ఈ చట్టం ముఖ్యంగా రక్షణ, నివాసం, డబ్బు ఇప్పించే చట్టం. భర్తను జైలుకు పంపడం ఇష్టం లేని స్త్రీ కూడా దీన్ని ఆశ్రయించవచ్చు. భార్య మాత్రమే కాదు, తల్లి, అక్కచెల్లెళ్ళు, ఇంట్లో కలిసి ఉండే వితంతువు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

చట్టం హింసను నాలుగు రకాలుగా చెప్పింది: శారీరకం, లైంగికం, మాటలతో మనసు గాయపరచడం, ఆర్థికం. నాలుగవది చాలామందికి తెలియదు. ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనాన్ని లాక్కోవడం, ఉమ్మడి ఆస్తిని వాడుకోనివ్వకపోవడం కూడా హింసే. బ్యాంకు కౌంటరులో కూర్చున్న వారెవరైనా దీన్ని చూసే ఉంటారు. విత్‌డ్రాయల్ స్లిప్ మీద భార్య సంతకం చేస్తుంది. పాస్‌బుక్కు భర్త జేబులో ఉంటుంది. డబ్బు అతడే లెక్కపెట్టుకుంటాడు. ఖాతాలో ఎంత ఉందని అడిగితే ఆమె అతని ముఖం వైపు చూస్తుంది. దాన్ని మనం ఇన్నాళ్ళూ కుటుంబ వ్యవహారం అన్నాము. చట్టం దానికి ఒక పేరు పెట్టింది.

మెజిస్ట్రేటు ఇవ్వగల ఉత్తర్వులు ఇవి: హింస ఆపమని రక్షణ ఉత్తర్వు, ఇంటి నుంచి వెళ్ళగొట్టకూడదని నివాస ఉత్తర్వు, వైద్యానికి, పోషణకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం. అత్యవసరమైతే ఎదుటివారు రాకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో పరిష్కారం అన్నది చట్టం పెట్టిన లక్ష్యం. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలికి నివాస హక్కు ఉండవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

మనలాంటి వారికి ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మన సంబంధాలు రాష్ట్రాలు దాటి ఉంటాయి. బళ్ళారి పిల్ల విజయవాడకు, బరంపురం పిల్ల హైదరాబాదుకు, యానాం పిల్ల చెన్నైకి కోడలుగా వెళుతుంది. గొడవ జరిగి పుట్టింటికి వస్తే అక్కడికే వెళ్ళి కేసు పెట్టాలా? అక్కర లేదు. ఆమె తాత్కాలికంగా నివసిస్తున్న ఊరిలోని మెజిస్ట్రేటు కోర్టులోనే గృహహింస దరఖాస్తు పెట్టవచ్చు. భర్త ఇంటి క్రూరత్వం భరించలేక ఆశ్రయం పొందిన చోట 498-ఎ కేసు కూడా పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

5. ఎక్కడ ఏమి దొరుకుతుంది?

ప్రాణాపాయం ఉంటే 112. అది పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం మూడింటికీ ఒకే నంబరు. సలహా, సహాయం, దగ్గరలోని కేంద్రం వివరాలకు 181. పిల్లలైతే 1098.

వన్ స్టాప్ సెంటరు: దీన్ని సఖి కేంద్రం అని కూడా అంటారు. దేశంలో ఇప్పుడు 800కు పైగా ఉన్నాయి. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, మనోధైర్యం చెప్పే కౌన్సెలింగ్, అయిదు రోజుల వరకు తలదాచుకునే చోటు ఒకే కప్పు కింద దొరకాలన్నది దీని ఉద్దేశం. ఇంకా ఎక్కువ కాలం ఆశ్రయం కావాలంటే శక్తి సదన్‌లు ఉన్నాయి. ఇవన్నీ 2022లో కేంద్ర ప్రభుత్వపు మిషన్ శక్తి పథకం కిందికి వచ్చాయి. ఒడిశాలోని పాఠకులు ఒకటి గమనించాలి. 2001లో ఆ రాష్ట్రంలో మొదలైన మిషన్ శక్తి మహిళా పొదుపు సంఘాల కార్యక్రమం. పేరు ఒకటే, పని వేరు.

రక్షణాధికారి: గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి. సంఘటన నివేదిక తయారుచేసి మెజిస్ట్రేటుకు పంపడం, దరఖాస్తుకు సహాయపడడం ఆయన లేదా ఆమె బాధ్యత. పొరుగువారు కూడా సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారిపై ఏ కేసూ ఉండదని చట్టమే చెబుతున్నది.

పోలీసు స్టేషను: నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. అక్కడి నుంచి సంబంధిత స్టేషనుకు వారే పంపుతారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం చేయాలి. రాసుకున్నది చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదవడం రాని మనవారు తమకు అర్థమయ్యే భాషలో చెప్పమని అడగాలి. అర్థం కాని కాగితం మీద సంతకం చేయరాదన్నది బ్యాంకులోనైనా, స్టేషనులోనైనా ఒకటే నియమం.

ఆసుపత్రి: అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఉచితంగా వెంటనే చికిత్స చేయాలి. నిరాకరిస్తే అది నేరం.

న్యాయ సహాయం: ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరు లభిస్తారు. హెల్ప్‌లైను 15100.

ఇవి గాక రాష్ట్రాల సొంత ఏర్పాట్లు ఉన్నాయి. తమిళనాడులో 1992 నుంచి మహిళా పోలీసు స్టేషన్లు ఉన్నాయి. ముంబాయి పోలీసు కమిషనరు కార్యాలయంలో 1984లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రారంభించిన ప్రత్యేక విభాగంలో శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు పోలీసుల పక్కనే కూర్చొని బాధితుల మాట వింటారు. తరువాత ఇది మహారాష్ట్రలో ఇతర చోట్లకూ విస్తరించింది.

6. కాలేజీలో, ఉద్యోగంలో

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి అయి ఉండాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు, బయటి నుంచి ఒక సభ్యులు ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయని యజమానికి 50 వేల రూపాయల వరకు జరిమానా. చిన్న దుకాణాల్లో, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు 2015 నాటి యు.జి.సి. నిబంధనలు వర్తిస్తాయి. కాలేజీలో చేరే రోజున ఫీజు రసీదుతో పాటు ఆ కమిటీ సభ్యుల పేర్లు కూడా రాసుకోండి.

7. ఒక ఉదాహరణ చేసి చూద్దాం

ఇది కల్పిత ఉదాహరణ. సుజాత హొసూరులో బి.కాం. చదివింది. పూణేకు కోడలుగా వెళ్ళి ఉద్యోగంలో చేరింది. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు భర్త దగ్గర ఉంది. పుట్టింటివారు పెట్టిన నగలు అత్తగారి లాకరులో ఉన్నాయి. ఒకనాడు దెబ్బలు తిని హొసూరు వచ్చింది. పోలీసు కేసు ఇప్పుడే వద్దంటున్నది. ఏమి చేయాలి?

మొదట ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, గాయాలు ఎలా తగిలాయో నిజం చెప్పి, రాయించి, ఆ చీటీ దాచుకోవాలి. రెండు, 181కు ఫోను చేసి వన్ స్టాప్ సెంటరు, రక్షణాధికారి వివరాలు తీసుకోవాలి. మూడు, బ్యాంకుకు తెలిపి పాత కార్డును నిలుపు చేయించి, పిన్, మొబైలు నంబరు మార్పించుకోవాలి. జీతం ఇక తన చేతికే వచ్చేలా చూసుకోవాలి. నాలుగు, పెళ్ళి ఫోటోలు, నగల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోను సందేశాలు ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టాలి. అయిదు, హొసూరు కోర్టులోనే రక్షణ, పోషణ, స్త్రీధనం తిరిగి ఇప్పించడం కోరుతూ దరఖాస్తు వేయాలి. స్త్రీధనం పూర్తిగా స్త్రీ సొత్తేనని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాకరు ఎవరి పేరున ఉన్నా నగలు ఎవరివి అన్నదే ప్రశ్న. పోలీసు కేసు విషయం ఆమె నిదానంగా నిర్ణయించుకోవచ్చు.

ఈ అయిదు పనుల్లో దేనికీ ముందుగా పెద్దమనుషుల పంచాయితీ అక్కర లేదని గమనించండి.

8. ఎక్కడ ఖాళీలున్నాయి?

నిర్భయ నిధి 2013లో వెయ్యి కోట్ల రూపాయలతో మొదలైంది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024-25 వరకు ఏడు వేల కోట్లకు పైగా కేటాయించగా సుమారు నాలుగింట మూడు వంతులు ఖర్చయింది. డబ్బు ఉన్నా మనుషులు లేకపోతే పని జరగదు. చాలాచోట్ల రక్షణాధికారి పనిని వేరే శాఖ అధికారికి అదనపు బాధ్యతగా అప్పగించారు. అందువల్లనే చట్టం వచ్చి ఇరవై ఏళ్ళయ్యాక కూడా, 2025 మే నెలలో, జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణాధికారులను నియమించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. వివాహబంధంలో బలవంతాన్ని అత్యాచారంగా చూడాలన్న వర్మ కమిటీ సిఫారసును ప్రభుత్వం అంగీకరించలేదు. కొత్త న్యాయ సంహితలోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది.

“తప్పుడు కేసులు పెడతారు కదా” అని కొడుకులున్న తల్లిదండ్రులు అడుగుతారు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, అవసరం ఉందో లేదో పోలీసులు కారణాలు రాయాలని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నిందితుడికి ఆ రక్షణ ఉంది. ఫోర్జరీ జరుగుతుందని బ్యాంకులు చెక్కులు మానేయలేదు. సంతకం సరిచూసే పద్ధతి పెట్టుకున్నాయి. ఇదీ అంతే.

9. నివారణ ఎక్కడ మొదలవుతుంది?

చట్టం దెబ్బ తగిలాక వస్తుంది. నివారణ చదువుతో వస్తుంది. దీనికి తెలుగునాటనే ఒక గొప్ప దాఖలా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకున్న స్త్రీలు, మగవారి తాగుడుకూ తమ ఇంటి దెబ్బలకూ, ఖాళీ కుండలకూ ఉన్న సంబంధం గుర్తించి సారా దుకాణం మూయించారు. రోశమ్మ వంటి మామూలు పల్లె స్త్రీలు ముందు నిలిచారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. అయినా ఒక పాఠం ఎంతదూరం పోగలదో అది చూపింది.

మగపిల్లల సంగతి కూడా చూడాలి. 2008లో ముంబాయి మునిసిపల్ పాఠశాలల్లో 12-14 ఏళ్ళ బాలబాలికలకు సమానత్వం, కోపం, హింస గురించి ఆటలతో, చర్చలతో నేర్పే కార్యక్రమం మొదలైంది. ఇంట్లో మనం చేయగలిగింది ఇంకా సులభం. అన్నకు పళ్ళెం కడగడం నేర్పడం, చెల్లెలి ఫోను తీసి చూడకూడదని చెప్పడం, తండ్రి తల్లిని నలుగురిలో కసరకుండా ఉండడం. పిల్లలు చెప్పింది కాదు, చూసింది నేర్చుకుంటారు.

10. తల్లిదండ్రులకు ఒక మాట

పైన చెప్పిన 77 శాతం మంది ఎందుకు చెప్పలేదు? చెబితే “సర్దుకుపో అమ్మా, చెల్లెలి పెళ్ళి ఉంది” అంటారని వారికి ముందే తెలుసు. ఆడపిల్లకు అసలైన మొదటి కౌంటరు పుట్టిల్లు. ఆ కౌంటరు మూసి ఉంటే 181 నంబరు గోడమీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆమె చేయి ఫోను మీదికి వెళ్ళదు. అందుకని పెళ్ళికి ముందే, హాస్టలుకు పంపే ముందే ఒక మాట స్పష్టంగా చెప్పండి: “ఏ అర్ధరాత్రి ఫోను చేసినా ఎత్తుతాము. ముందు నీ మాట వింటాము. ఇల్లు నీది.” ఆమె పేరున ఒక బ్యాంకు ఖాతా, ఆ ఖాతాకు ఆమె సొంత మొబైలు నంబరు, ఆమె సర్టిఫికెట్లు ఆమె దగ్గరే ఉండేలా చూడండి. పెట్టిన నగల జాబితా రాసి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నుంచి నేరమేనని మరువకండి.

దేశం తన వంతు మెట్లు కట్టింది, కొన్ని ఇంకా కట్టవలసి ఉంది. మొదటి మెట్టు మాత్రం ఏ ప్రభుత్వమూ కట్టలేదు. అది మన గుమ్మం దగ్గర మనమే వేయాలి.

అభ్యాసం (ఇంటిల్లిపాదీ కూర్చొని చేయవలసినది)

1. మీ జిల్లాలోని వన్ స్టాప్ సెంటరు, రక్షణాధికారి కార్యాలయం ఎక్కడ ఉన్నాయో 181 ద్వారా తెలుసుకొని చిరునామాలు రాయండి.
2. గృహహింస చట్టం చెప్పిన నాలుగు రకాల హింసకు ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.
3. మీ కాలేజీ లేదా కార్యాలయ అంతర్గత కమిటీ అధ్యక్షురాలు ఎవరు?
4. సుజాత ఉదాహరణలో ఆమె భర్తది హొసూరు, పుట్టిల్లు పూణే అయితే దరఖాస్తు ఎక్కడ పెట్టవచ్చు? కారణం చెప్పండి.
5. మీ ఇంట్లో స్త్రీలందరికీ సొంత ఖాతా ఉందా? పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంది?